పేరడిగి కథ చదివేవాళ్లకు

పేరులో ఏముంది అంటారు మా సెక్యులర్ మిత్రులు. ఏమీ లేకపోతే కథ కన్నా ముందు పేరే ఎందుకు చదువుతున్నారు? మా కుర్రాడెవడో మొదటి కథ రాసి పత్రికకు పంపుతాడు. వాడికి ఎదురయ్యే మొదటి ప్రశ్న కథ గురించి కాదు. "ఇది ఉర్దూ నుంచి అనువాదమా బాబూ?" కాదండీ అంటే రెండో ప్రశ్న. "మరి తెలుగు ఇంత బాగా ఎలా వచ్చింది?" నెల్లూరులో పుట్టిన రెడ్డిగారబ్బాయిని ఈ మాట అడుగుతారా? నల్గొండలో పుట్టిన రావుగారమ్మాయిని అడుగుతారా? అడగరు. వాళ్లకు తెలుగు పుట్టుకతో వచ్చింది. మాకేమో ఎవరో దయతలచి ఇచ్చారు! మెచ్చుకోలుగానే అడిగారు కదా, కోపమెందుకంటారేమో. ఆ మెచ్చుకోలులోనే ఉంది అసలు సంగతి. ఇంటికొచ్చిన చుట్టం కడుపునిండా తింటే మెచ్చుకుంటారు. ఇంటివాడు తింటే ఎవరూ మెచ్చుకోరు.

అందుకని పేర్ల లెక్క ఒకటి తేల్చుకుందామనుకుంటున్నాం. మా పేర్లలో ఒక్కటి తీసుకుందాం. యూసుఫ్. దీన్నే ఎందుకంటే, ఇది కథతో చుట్టరికం ఉన్న పేరు. ఖురాన్‌లో పన్నెండో సూరా పేరు యూసుఫ్. తాను చెప్పబోయేది కథల్లోకెల్లా మంచి కథ అని ఆ సూరా మొదట్లోనే చెప్పుకుంటుంది. అన్నలు తమ్ముణ్ణి బావిలో పడేశారు. చొక్కాకు దొంగ నెత్తురు పూసి తండ్రి ముందు పెట్టారు. దారినపోయే బేరగాళ్లు పైకి తీసి చవగ్గా అమ్మేశారు. చెయ్యని నేరానికి జైల్లో వేశారు. తండ్రి యాకూబ్ ఏడ్చి ఏడ్చి కళ్లు పోగొట్టుకున్నాడు. మా ఇళ్లలో నానీలు ఈ కథను సగం ఉర్దూలో సగం తెలుగులో చెప్పారు, మేం నిద్రపోయేదాకా. (యాకూబ్ అంటే 'అవ్వల్ కల్మా' రాసిన మా యాకూబ్ కూడా గుర్తొస్తాడు. తండ్రి పేరైనా కొడుకు పేరైనా తెలుగు సాహిత్యం గడప తొక్కడానికి చాలా ఆలస్యమయింది.)

ఇదే పేరు మాల మాదిగ వాడల్లోకి బైబిలు దారిన వచ్చి యోసేపు అయింది. ఊళ్లో యోసేపూ యూసుఫూ ఒకే పేరు మోస్తున్నవాళ్లని ఊరికి తెలియదు. చాలాసార్లు వాళ్లకూ తెలియదు. ఒకణ్ణి పల్లెలో, ఇంకొకణ్ణి తురకపాలెంలో విడివిడిగా ఉంచిన ఊరికి ఆ సంగతి తెలియకపోవడమే క్షేమం. పాకిస్తాన్ క్రికెట్ జట్టులో యూసుఫ్ యొహానా అని క్రైస్తవుడొకడు ఆడేవాడు. 2005లో మతం మార్చుకుని మహమ్మద్ యూసుఫ్ అయ్యాడు. యొహానా పోయింది గానీ యూసుఫ్ అలాగే ఉండిపోయింది. రెండు గుడారాల్లోనూ చెల్లే పేరు మరి! మన జట్టులోనూ ఒక యూసుఫ్ ఉన్నాడు. బరోడా పఠాన్. అతని మొదటి అంతర్జాతీయ మ్యాచే 2007 టి20 ప్రపంచకప్ ఫైనల్, అదీ పాకిస్తాన్ మీద. మ్యాచ్ జరిగిన ప్రతిసారీ మా గల్లీల్లో టపాకాయల చప్పుడు లెక్కపెట్టేవాళ్లు ఆ రోజు ఏం లెక్కపెట్టారో మరి.

హైదరాబాద్ వాళ్లు రోజూ యూసుఫ్‌గూడ బస్సెక్కి దిగుతారు. నాంపల్లిలో యూసుఫైన్ దర్గాకు అన్ని మతాలవాళ్లూ చాదర్ పట్టుకుని వస్తారు. బస్సు బోర్డు మీద యూసుఫ్ ఉంటే ఎవరికీ ఇబ్బంది లేదు. సమాధి మీద ఉన్నా ఇబ్బంది లేదు. కథ కింద ఉంటేనే సంపాదకుడి చెయ్యి ఆగుతుంది.

పేరున్న యూసుఫ్‌లకు ఈ దేశంలో ఏం జరిగిందో చూడండి. తమిళదేశంలో పద్దెనిమిదో శతాబ్దంలో మరుదనాయగం అనే మనిషి ఉండేవాడు. హిందూ ఇంట పుట్టి, ఇస్లాంలోకి వచ్చి మహమ్మద్ యూసుఫ్ ఖాన్ అయ్యాడంటారు. కంపెనీ సైన్యంలో పెద్ద కొలువు చేసి, కంపెనీ తరఫున పాళెగాళ్లను అణిచి, చివరికి ఆ కంపెనీ మీదే తిరగబడ్డాడు. 1764లో మదురైలో ఉరి తీశారు. నిష్కళంక వీరుడని మేం అనడం లేదు. ఉరికంబం ఎక్కేనాటికి అతని పేరు యూసుఫ్ ఖాన్ అని మాత్రం అంటున్నాం. 1997లో ఆయన మీద కమల్ హాసన్ సినిమా మొదలుపెట్టాడు. ఇంగ్లండు రాణి ఎలిజబెత్ చెన్నైలో ఆ వేడుకకు వచ్చి కూచుంది. సినిమా పేరు 'మరుదనాయగం'. అది పూర్తి కానేలేదు, ఆ సంగతి వేరు. బతికి, తిరగబడి, చచ్చిన పేరు పక్కకు పోయి, వదిలేసుకున్న పేరు పోస్టరెక్కింది. ఆ పోస్టరు మీద యూసుఫ్ ఖాన్ అని వేస్తే టిక్కెట్లు తెగవా?

యూసుఫ్ మెహరలీ సంగతి ఇంకా విచిత్రం. సోషలిస్టు, బొంబాయి మేయరు. 'సైమన్ గో బ్యాక్', 'క్విట్ ఇండియా' అనే రెండు నినాదాలూ ఆయన కూర్చినవే అంటారు. ఆ నినాదాలు చిన్నపిల్లలకు కూడా వచ్చు. ఆ పేరు ఎంతమంది పెద్దలకు వచ్చు? మమ్మల్ని దేశభక్తి రుజువు చేసుకోమనేవాళ్లు పొద్దున లేస్తే అరిచే నినాదం ఒక యూసుఫ్ చేతిది.

ఇక అందరికీ తెలిసిన యూసుఫ్. పెషావర్‌లో కిస్సా ఖ్వానీ బజారు అని ఉంది, కథలు చెప్పేవాళ్ల బజారు అని దానికి అర్థం. ఆ చుట్టుపట్ల 1922లో ఒక పండ్ల వ్యాపారి ఇంట మహమ్మద్ యూసుఫ్ ఖాన్ పుట్టాడు. బాంబే టాకీస్‌లో దేవికా రాణి అతనికి ఇంకో పేరు సూచించింది. 1944లో 'జ్వార్ భాటా'తో తెర మీదికి వచ్చింది దిలీప్ కుమార్, యూసుఫ్ ఖాన్ కాదు. సినిమాలంటే గిట్టని తండ్రికి తెలియకుండా ఉండటానికి కూడా ఆ పేరు పనికొచ్చిందట. ముంతాజ్ జహాన్ మధుబాల అయినట్టే, మహజబీన్ బానో మీనా కుమారి అయినట్టే ఇదీ. పేరు మారిస్తే పోయేదేముంది, అందరూ ప్రేమించారు కదా అంటారు. ప్రేమించారు. మేమూ ప్రేమించాం. కానీ 1999లో ఏం జరిగిందో గుర్తు తెచ్చుకోండి. అంతకు ముందు ఏడాది పాకిస్తాన్ ప్రభుత్వం ఆయనకు 'నిషాన్-ఎ-ఇంతియాజ్' ఇచ్చింది. కార్గిల్ యుద్ధం రాగానే ఆ బిరుదు తిరిగిచ్చెయ్యాలని శివసేన గొడవకు దిగింది. ఉంచుకోవచ్చునని ప్రధాని వాజపేయి చెప్పేదాకా వచ్చింది వ్యవహారం. యాభై అయిదేళ్లు దిలీప్ కుమార్‌గా బతికిన మనిషిని ఒక్క వారంలో యూసుఫ్ ఖాన్‌ను చేసేశారు. పేరు మార్చుకుంటే కలిసిపోతారు అని మాకు సలహా ఇచ్చే పెద్దలు దీనికి జవాబు చెప్పాలి. ఆయన కన్నా బాగా కలిసిపోవడం ఎవరి తరం?

తెలుగు పేజీలకు వద్దాం. మా పెద్దల్లో పేరున్నవాళ్లను లెక్కపెట్టండి. కౌముది అంటే షంషుద్దీన్. దేవీప్రియ అంటే షేక్ ఖాజా హుస్సేన్. సత్యాగ్ని అంటే షేక్ హుసేన్. ముగ్గురూ గట్టివాళ్లు. వాళ్లు పేరు దాచుకున్నారని మేం అనడం లేదు. కలం పేరు తెలుగులో పాత అలవాటే. భాగవతుల సదాశివ శంకర శాస్త్రి ఆరుద్ర కాలేదా? అయ్యాడు. కానీ శాస్త్రిగారు నక్షత్రం పేరు పెట్టుకుంటే శాస్త్రిగారికి పోయిందేమీ లేదు. ఆయన తన ఇంట్లోనే ఒక గది నుంచి ఇంకో గదిలోకి వెళ్లాడు. మావాళ్లు ఇల్లు మారవలసి వచ్చింది. ఈ రాకపోకలు రెండు వైపులా ఉంటే మాకూ పేచీ లేదు. యూసుఫ్ అని కలం పేరు పెట్టుకున్న ఒక్క శర్మగారిని చూపించండి, ఒక్క చౌదరిగారిని చూపించండి. ఈ వ్యాసం ఇక్కడే ఆపేస్తాం.

రెండు వైపులా నడిచిన కాలం, చోటు లేకపోలేదు. ఉర్దూలో కథలు మొదలుపెట్టిన ధన్‌పత్ రాయ్ అనే కాయస్థుడు నవాబ్ రాయ్ అని సంతకం చేసేవాడు. 1908లో వచ్చిన ఆయన 'సోజె వతన్' పుస్తకాన్ని ఇంగ్లీషు సర్కారు రాజద్రోహమంది, ప్రతులు తగలబెట్టించింది. ఆ పేరుతో ఇక రాయడానికి వీల్లేదు. కాన్పూరు నుంచి 'జమానా' పత్రిక నడిపే దయానారాయణ్ నిగమ్ కొత్త పేరు సూచించాడు. 1910 డిసెంబరు 'జమానా'లో 'బడే ఘర్ కీ బేటీ' కథ కింద మొదటిసారి ప్రేమ్‌చంద్ అని అచ్చయింది. నవాబు పోయి ప్రేమ్‌చంద్ వచ్చాడు. పోగొట్టింది సర్కారు, పాఠకులు కాదు. నవాబ్ అనే పేరు చూసి, "నువ్వు హిందువువి కదా, ఉర్దూ ఎలా వచ్చింది?" అని ఆ రోజుల్లో అడిగి ఉంటే అడిగినవాణ్ణే నవ్వుకునేవాళ్లు. ఉర్దూ అందరిదీ కాబట్టి. తెలుగు అందరిదీ కాదా?

అదే 1910 మన కథకూ లెక్కలోకి వచ్చే ఏడే. ఫిబ్రవరిలో 'ఆంధ్రభారతి'లో గురజాడ 'దిద్దుబాటు' వచ్చింది. అంతకు ముందే 1902లో భండారు అచ్చమాంబ 'ధన త్రయోదశి' 'హిందూ సుందరి'లో వచ్చింది. మొదటి కథ ఏదన్న తగువులో ఆవిడ పేరు ఎక్కడానికి వందేళ్లు పట్టింది. పేరు చూసి కథ చదివే జబ్బు మా ఒక్కళ్లతో మొదలు కాలేదని చెప్పడానికే ఈ మాట. ఆ 1910లోనే గురజాడ ఇంకో కథ రాశాడు. దాని పేరు 'మీ పేరేమిటి?' శైవులూ వైష్ణవులూ దేవుడి పేరు మీద కొట్టుకునే కథ. ఆయన దేవుళ్లను అడిగాడు మీ పేరేమిటని. ఆయన తర్వాత వచ్చినవాళ్లు ఆ ప్రశ్నను దేవుళ్ల మీంచి తీసి మా మీద పెట్టారు.

కథ కింద మా పేరు లేదు సరే, కథ లోపలైనా ఉందా? జట్కా సాయిబు ఉన్నాడు. అత్తరు సాయిబు, గాజుల సాయిబు, మాంసం కొట్టు సాయిబు, పీర్ల పండక్కి గుండం తొక్కే సాయిబు ఉన్నారు. పేరేంటంటే చెప్పరు. కథ నడిపేవాళ్లకు గోత్రంతో సహా పేర్లుంటాయి, వాళ్లను స్టేషన్‌లో దింపే మనిషికి పేరుండదు. పేరు పెడితే ఆయన రహీం అయి తీరాలి. రాముడు, రహీము, రాబర్టు అని ప్రాస కుదరాలి గదా! ఆ రహీం మంచివాడై ఉండాలి, హిందూ మిత్రుడి పిల్లను కాపాడుతూ చచ్చిపోవాలి. చచ్చిపోతేనే మంచి ముస్లిం. సగం మంచివాడు, సగం పిసినారి, పెళ్లాంతో పోట్లాడి బీడీ కోసం అప్పు చేసే యూసుఫ్‌ను ఎన్ని కథల్లో చూశారు? మనుషులంటే అట్లా ఉంటారు. మా నాన్నలు అట్లాగే ఉన్నారు.

1991లో ఖాదర్ మొహియుద్దీన్ 'పుట్టుమచ్చ' వచ్చింది. ఆ మరుసటేడు డిసెంబరు 6న బాబ్రీ మసీదు కూలింది. 1998లో 'జల్‌జలా' కవిత్వం వచ్చింది. మహమ్మద్ ఖదీర్ బాబు 'దర్గామిట్ట కథలు' ఆంధ్రజ్యోతి ఆదివారం సంచికలో వరసగా వస్తుంటే, ఇంటిపేర్లు అడగకుండా జనం నవ్వారు, ఏడ్చారు. 2004లో 'వతన్' ముస్లిం కథల సంకలనం వచ్చింది. దాన్ని తెచ్చిన మనిషి నల్గొండ జిల్లావాడు, షేక్ యూసుఫ్ బాబా. ఇంగ్లీషు పొడి అక్షరాల్లో ఎస్కే, వై, బాబా. కలిపి చదవండి, స్కైబాబ. ఇక్కడా ఒక యూసుఫ్ ఉన్నాడు, ఒక్క అక్షరంలో ఒదిగి. ఆకాశమని చదువుకునేవాళ్లు చదువుకుంటారు, తెలిసినవాళ్లకు తెలుస్తుంది.

ఇవన్నీ వచ్చాక మా మీద కొత్త ఫిర్యాదు మొదలయింది. "మీరు రచయితలు చాలదా, ముస్లిం రచయితలెందుకు? వేరు కుంపటి ఎందుకు?" ఈ ఫిర్యాదు చేసేవాళ్లే మా కుర్రాడికి ఏం చెబుతారో వినండి. వాడు ఎండిన బోరుబావి మీద కథ రాసి పంపాడు. ఒక వారపత్రిక నుంచి జవాబొచ్చింది, "బాగుంది, కానీ మీరు మీ ముస్లిం జీవితం రాస్తే బాగుంటుంది" అని. సరే అని వాడు తలాక్ మీద కాదు, గోషా మీద కాదు, చెల్లెలి పెళ్లికి జోడే కీ రఖం సర్దలేక దుబాయికి పోయిన అన్న మీద రాశాడు. ఈసారి, "మతం వాసన వస్తోంది, అందరికీ సంబంధించింది రాయండి" అన్నారు. బోరుబావి రాస్తే ముస్లిం జీవితం కాదు, కట్నం రాస్తే అందరిదీ కాదు. మరి ఏం రాయాలి? ఏడాదికోసారి రంజాన్ సంచికకు హలీం మీద రాయాలి. నెలవంక బొమ్మ వేసి ఒక మూల అచ్చేస్తారు. లేదంటే ఎక్కడైనా అల్లరి జరిగిన వారం మా అడ్రసు వెతుక్కుంటారు. సామరస్యం మీద ఒక కథ ఉందా అని.

మావాళ్లనూ వదలం. కథలూ కాకరకాయలూ ఎందుకు, నమాజు చదువుకోక అనే పెద్దలున్నారు. ఒక సూరాకు సూరాయే కథగా ఉన్న గ్రంథాన్ని చేత పట్టుకుని ఈ మాట ఎలా అంటారో మాకు అర్థం కాదు. ఇంకో జాతి పెద్దలున్నారు. నాగుల్ మీరా, పెద్ద మౌలాలి, ఇమాంబి అంటే మూతి విరుస్తారు. అవి అసలు ముస్లిం పేర్లేనా అంటారు. దూదేకులవాడు కథ రాసి నాగుల్ మీరా అని సంతకం చేస్తే పత్రికవాడికన్నా ముందు ఈ నవాబు బిడ్డలే నవ్వుతారు. నాగూరు దర్గా నుంచి కోస్తా గుడిసెదాకా నడిచొచ్చిన పేరది. అరబ్బీలో సరిగ్గా పలికే పేరుకు ఎంత గౌరవముందో ఆ పేరుకూ అంతే ఉండాలి. ఊళ్లో యూసుఫ్‌ను యూసుబు అని పిలిచేవాళ్లు, వాడు పలికేవాడు. అదీ వాడి పేరే. ఇక ఆడవాళ్ల మాట. మగవాడి పేరు అచ్చెయ్యడానికి సంపాదకుడు ఒక్కడు అడ్డుపడితే, ఆడపిల్ల పేరు అచ్చు కావడానికి ఇంట్లో ముగ్గురు అడ్డుపడతారు. షాజహానా 'నఖాబ్' అని పుస్తకం మీద తన పేరు వేసుకోవడానికి 2005 దాకా ఎందుకు పట్టిందో మగవాళ్లం మేమే ఎక్కువ ఆలోచించాలి.

ఇంత చిన్న విషయానికి ఇంత రాద్ధాంతమా అనేవాళ్లకు యూసుఫ్ చొక్కా గుర్తుచేస్తాం. ఆ కథలో చొక్కా మూడుసార్లు సాక్ష్యం చెబుతుంది. మొదటిసారి అబద్ధపు నెత్తురుతో. రెండోసారి వెనకవైపు చిరిగి, వాడు నిర్దోషి అని. చొక్కా వెనక చిరిగిందని చూసి కూడా వాణ్ణి జైలుకే పంపారు. అది చదివినప్పుడల్లా మాకు 2007 గుర్తొస్తుంది. మే 18న మక్కా మసీదులో బాంబు పేలింది. చచ్చిపోయినవాళ్లు మావాళ్లు. తర్వాత అనుమానం మీద పట్టుకుపోయిందీ మా కుర్రాళ్లనే. కోర్టుల్లో నిర్దోషులుగా బయటికొచ్చారు, ప్రభుత్వం పరిహారం ప్రకటించాల్సి వచ్చింది. పోలీసు డైరీలో ముందు రాసింది వాళ్లు చేసిన పని కాదు, పేరు. కిరాయికి ఇల్లడిగినా అంతే. గేటు దగ్గర ఓనరు కుటుంబం ఎందరు అనడు, ఉద్యోగమేంటి అనడు. పేరేంటి అంటాడు. చెప్పగానే ఇల్లు నిన్ననే ఎవరికో ఇచ్చేసి ఉంటాడు. అదే ప్రశ్న కథల పేజీలోనూ ఎదురయితే మేం దాన్ని సాహిత్య చర్చ అనుకోవాలా? మూడోసారి ఆ చొక్కా తండ్రి కళ్ల మీద కప్పితే చూపొస్తుంది. అంతదాకా రావాలంటే ముందు చొక్కా ఎవరిదో పేరు పెట్టి చెప్పాలి.

సంపాదకులతో నేరుగా మాట్లాడతాం. కథ కింద పేరు మేం రాసినట్టే వెయ్యండి. ఖ తీసి క పెట్టకండి, ఫ తీసి ప పెట్టకండి. జూన్‌లో పంపిన కథను రంజాన్ దాకా అట్టిపెట్టకండి. మొదటి కథ రాసిన పిల్ల ఫోటో కింద 'ముస్లిం మహిళ అయినప్పటికీ' అని రాయకండి. మా మాటల పక్కన చుక్కలు పెట్టి అడుగున అర్థాలివ్వడం ఆపండి. ఆబ్దికానికీ, మడికీ, సీమంతానికీ ఏనాడైనా చుక్క పెట్టారా? అవి మేం మీ కథల్లో చదివే నేర్చుకున్నాం, ఎవరూ అర్థం చెప్పలేదు. మీరూ నేర్చుకోండి, కష్టమేం కాదు. ఈమధ్య మాలో ఒకరి కథ అచ్చయింది. ఖాలా అన్న మాటకు చుక్క పెట్టి, పేజీ అడుగున 'పిన్ని' అని వేశారు. కథలో ఆవిడ వాళ్లమ్మకు అక్క. మూడో పేరాలోనే ఉంది ఆ సంగతి.